పాత రిజర్వాయరు మీద పార్కు: మట్టి పోయకముందే తేలాల్సిన లెక్కలు

నీళ్లు నిలిపిన భూగర్భ రిజర్వాయర్లు, సరుకు రైళ్లు తిరిగిన ఎత్తైన వంతెనలు, బొగ్గు నుంచి గ్యాసు తీసిన ఫ్యాక్టరీలు, విమానాలు దిగిన రన్‌వేలు... నగరం పెరిగేకొద్దీ ఇలాంటివి ఒక్కొక్కటే పని మానేస్తాయి. కూల్చాలంటే ఖర్చు. వదిలేస్తే పెచ్చులూడి ఎవరి నెత్తిన పడతాయోనన్న భయం. అలాంటప్పుడే "పార్కు చేస్తే పోలా?" అన్న మాట పుడుతుంది. దాని వెనకే ఒక రంగుల బొమ్మ వస్తుంది: చెట్లు, బెంచీలు, ఆడుకునే పిల్లలు. కొందరు చూసి మురిసిపోతారు, కొందరు ఇంత డబ్బు ఎందుకని అడుగుతారు. ఇద్దరూ మాట్లాడేది ఆ బొమ్మ గురించే. తేలాల్సిన సంగతులు మాత్రం స్లాబు మందంలో, గోడ వెనక మట్టిలో, నేల అడుగు నీటిలో, భూమి పట్టాలో ఉంటాయి. పార్కు ఎలా ఉండగలదు, ఎన్నాళ్లు ఉండగలదు అన్నదాన్ని సగానికి పైగా తేల్చేసేది ఆ కట్టడం మొదట ఏ పని కోసం పుట్టిందన్నదే.

వాడకం ఆగడం వేరు, బలం పోవడం వేరు

న్యూయార్క్‌లోని హైలైన్ వంతెన మీద సరుకు రైళ్లు 1934లో మొదలయ్యాయి, ఆఖరి రైలు 1980లో వెళ్లింది. వంతెనకు ఏమీ కాలేదు. సరుకు లారీలకు మళ్లింది, అంతే. పారిస్‌లో బాస్టీల్ నుంచి వాన్సెన్ వైపు వెళ్లే రైలు మార్గం 1969లో ఆగింది. సిడ్నీలోని పాడింగ్టన్ రిజర్వాయరును 1899లోనే నీటి సరఫరా నుంచి తప్పించారు. ఆ తర్వాత అది గోదాముగా, గ్యారేజీగా చాలా దశాబ్దాలు బతికింది.

కాబట్టి పాత కట్టడం ముందు నిలబడితే మూడు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. దాని పని అయిపోయిందా? దాని బలం అయిపోయిందా? పని నిజంగా పూర్తిగా ఆగిందా? మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. రైళ్లు ఆగిన దారి పక్కన కేబుళ్లు ఇంకా నడుస్తుండవచ్చు, ఖాళీ ట్యాంకు గోడను ఆనుకుని ఊరికి నీళ్లిచ్చే పెద్ద పైపు ఉండవచ్చు. పైపు పగిలితే తవ్వే హక్కు నీటి శాఖకు ఉంటుంది. సరిగ్గా దాని మీదే చెట్లు నాటితే పదేళ్ల తర్వాత అవే చెట్లను కొట్టాల్సి వస్తుంది.

రెండో ప్రశ్నకు జవాబు కంటితో చూస్తే దొరకదు. కాంక్రీటులోంచి చిన్న స్థూపాల్లా ముక్కలు కోసి, అప్పుడే విరిచిన తాజా ముఖం మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. కాంక్రీటులో క్షారగుణం నిలిచి ఉన్నచోట అది ముదురు గులాబీ రంగుకు తిరుగుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి పాకి క్షారగుణాన్ని తినేసిన చోట రంగు రాదు. రంగు రాని ఆ పొర ఎంత లోతుందో కొలుస్తారు. అది 15 మిల్లీమీటర్లు, లోపలి చువ్వలు 40 మిల్లీమీటర్ల లోతున ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. పొర చువ్వల దాకా చేరితే మాత్రం తుప్పు మొదలైనట్టే లెక్క. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును బయటికి తోస్తుంది. పెచ్చులూడటమంటే ఇదే.

స్లాబు ఎంత మోయగలదు?

తోట మట్టి బరువును అందరూ తక్కువగా ఊహిస్తారు. బాగా తడిసిన మామూలు మట్టి ఘనపు మీటరుకు సుమారు 1.8 టన్నులు తూగుతుంది. 45 సెంటీమీటర్ల మందాన పరిస్తే చదరపు మీటరుకు 810 కిలోలు. ప్యూమిస్ వంటి తేలిక రాతి గుళికలు కలిపిన మిశ్రమం తడిసినా ఘనపు మీటరుకు దాదాపు 1.2 టన్నుల్లో ఉంటుంది, అదే మందానికి 540 కిలోలు. జనం కిక్కిరిసి నిలబడే చోటికి డిజైన్‌లో చదరపు మీటరుకు సుమారు 500 కిలోలు పట్టుకుంటారు.

సరుకు రైళ్లు తిరిగిన వంతెనకు ఇది పెద్ద భారమేమీ కాదు. ఇంజన్లను, నిండు వ్యాగన్లను మోయడానికే దాన్ని కట్టారు. పార్కుగా మారిన రైలు వంతెనలు అంత ఎక్కువగా విజయవంతం కావడానికి మొదటి కారణం అదే. భూగర్భ రిజర్వాయరు కప్పు సంగతి వేరు. నీళ్లు చల్లగా ఉండటానికి దాని మీద కాస్త మట్టి పోసి గడ్డి పెంచుతారు. ఆ మట్టిని మోయడానికే దాన్ని కట్టారు, పండగ జనాన్ని మోయడానికి కాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. పాత కప్పు మీద ఇప్పుడు 45 సెంటీమీటర్ల మామూలు మట్టి ఉంది, అంటే 810 కిలోలు. దాన్ని తీసేసి 30 సెంటీమీటర్ల తేలిక మిశ్రమం వేస్తే 360 కిలోలు అవుతుంది, 450 మిగులుతుంది. జనానికి కావాల్సింది 500. మిశ్రమాన్ని 25 సెంటీమీటర్లకు తగ్గిస్తే మిగులు 510 అవుతుంది. లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది కానీ సరిపోలేదు. కదలని మట్టి కంటే కదిలే జనం బరువుకు చాలా దేశాల డిజైన్ ప్రమాణాలు ఎక్కువ భద్రతా గుణకం, అంటే లెక్క మీద అదనంగా ఉంచే బలం, అడుగుతాయి. అందుకే మట్టిని కిలోకు కిలో చొప్పున జనంతో మార్చుకోవడం కుదరదు. పైగా 25 సెంటీమీటర్లలో పచ్చిక, చిన్న గుత్తి మొక్కలు బతుకుతాయి. పొదలకు 45 నుంచి 60, చిన్న చెట్టుకు దాదాపు మీటరు లోతు కావాలి.

దీనికి దారులు మూడు. కింద కొత్త స్తంభాలు, దూలాలు పెట్టి కప్పును బలపరచడం మొదటిది, ఖర్చెక్కువ. రెండోది, చెట్లను స్తంభాల నెత్తిన మాత్రమే నాటడం. అక్కడ బరువు స్లాబును పెద్దగా వంచకుండా నేరుగా పునాదికి దిగుతుంది. మూడోది, కప్పును చోట్లుగా విడగొట్టి, కొన్నిచోట్లకు జనాన్ని రానివ్వకుండా కంచె వెనక మొక్కలకే వదిలేయడం. మూడోదానికే నా ఓటు. తిరగడానికి వీల్లేని చోటే పక్షులూ పురుగులూ ఎక్కువ చేరతాయి.

ఇక వాటర్ ప్రూఫింగ్. పొర వేశాక, మట్టి పోయకముందు, కప్పు మీద కొన్ని సెంటీమీటర్ల నీళ్లు నిలిపి రెండు రోజులు కింద చెమ్మ వస్తుందేమో చూస్తారు. గడువు మీద పడి ఈ పరీక్ష ఎగ్గొట్టిన చోట్ల, కారుతోందని తెలిసేసరికి పైన మట్టి, మొక్కలు, దారులు అన్నీ వచ్చేసి ఉంటాయి. నీళ్లు కింద ఎక్కడ కారాయో కనిపిస్తుంది, పైన ఎక్కడ దిగాయో కనిపించదు. పొరకూ స్లాబుకూ మధ్య అవి మీటర్ల దూరం పాకుతాయి. చిల్లు దొరకాలంటే తోటంతా ఎత్తాల్సిందే.

కప్పు తీసేస్తే? ఖాళీ ట్యాంకు పడవ అవుతుంది

కప్పు పాడైపోయింది, తీసేసి గోడల మధ్య పల్లపు తోట వేద్దాం అన్నది మరో ఆలోచన. చూడటానికి చాలా అందంగా ఉంటుంది. పాడింగ్టన్‌లో ఒక గది కప్పు 1990ల్లో కూలింది. 2009లో దాన్ని అలాగే ఆకాశానికి తెరిచి, పాత ఇటుక కమానుల నడుమ తోటగా మార్చారు. రెండో గది కప్పును నిలబెట్టారు. ఈ పద్ధతిలో ఎక్కడ దెబ్బ తగులుతుందో అంకెల్లో చూద్దాం.

40 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల లోతున్న ట్యాంకు అనుకోండి. అడుగు విస్తీర్ణం 1,200 చదరపు మీటర్లు. వానాకాలంలో భూగర్భజలం అడుగు స్లాబు కింది అంచుకు 2 మీటర్ల పైదాకా వస్తుంది. ఆ నీరు అడుగును పైకి తోసే బలం చదరపు మీటరుకు 2 టన్నులు, మొత్తం 2,400 టన్నులు. దానికి ఎదురు నిలిచేది కట్టడం సొంత బరువు. 30 సెంటీమీటర్ల అడుగు స్లాబు చదరపు మీటరుకు 0.72 టన్నులు. 40 సెంటీమీటర్ల మందపు గోడలు మొత్తం 672 టన్నులు, అడుగంతా పంచితే 0.56. పావు మీటరు మందపు కప్పు 0.6, దాని మీది మట్టి 0.81. అన్నీ కలిపితే 2.69. పైకి తోసే 2 టన్నుల మీద కొంత మిగులుంది. ఇప్పుడు కప్పునూ మట్టినీ తీసేయండి. మిగిలింది 1.28. నీళ్లు నిండి ఉన్నన్నాళ్లూ ఈ బెడద తెలియలేదు, ఆ నీటి బరువే ట్యాంకును తొక్కిపట్టింది. ఇప్పుడు పెద్ద వాన తర్వాత అడుగు స్లాబు ఉబ్బి బీటలు వారుతుంది, లేదా ట్యాంకు ఒక పక్కకు లేస్తుంది.

మామూలుగా చేసే ఉపాయం అడుగు స్లాబుకు రంధ్రాలు కోసి ఒత్తిడి వదిలేయడం. రంధ్రాల కింద కంకర, వడపోత గుడ్డ ఉండాలి, లేకపోతే నీళ్లతోపాటు సన్నమట్టి కొట్టుకొచ్చి స్లాబు కింద డొల్ల పడుతుంది. అలా పైకొచ్చిన నీటిని సంపులోకి చేర్చి మోటారుతో తోడాలి. పార్కు ఉన్నంతకాలం తోడుతూనే ఉండాలి.

గోడలది ఇంకో సమస్య. బయటి మట్టి గోడను లోపలికి తోస్తుంటే, పైన కప్పు స్లాబు అడ్డుకర్రలా పట్టి ఉంచుతుంది. ఆ పట్టు తీసేస్తే గోడ మొదట్లో పడే వంపు బలం సుమారు రెండున్నర రెట్లవుతుంది. అంత బలానికి అక్కడ చువ్వలు వేసి ఉండరు. అందుకే నేర్పున్న డిజైనర్లు కప్పును మొత్తం తీయరు. చుట్టూ రెండు మూడు మీటర్ల వెడల్పున అంచును చట్రంలా వదిలి మధ్యలో మాత్రమే కోస్తారు. ఆ అంచు గోడను పట్టుకుంటుంది, కింద నీడనూ ఇస్తుంది.

వాన నీటి లెక్క కూడా తప్పించుకోలేం. గంటలో 50 మిల్లీమీటర్లు కురిస్తే ఈ అడుగున 60,000 లీటర్లు చేరతాయి. దాన్నంతా వెంటనే తోడే మోటారు పెద్దది, సరిగ్గా ఆ వానలోనే కరెంటు పోయే అవకాశమూ ఎక్కువ. అడుగులో సగాన్ని, అంటే 600 చదరపు మీటర్లను, మిగతా దానికంటే 10 సెంటీమీటర్లు పల్లంగా ఉంచి నీళ్లు తట్టుకునే మొక్కలు వేస్తే ఆ గంట వాన మొత్తం అక్కడే నిలుస్తుంది. చిన్న మోటారు తీరిగ్గా తోడుకుంటుంది.

ఇక దిగేదెలా? చక్రాల కుర్చీకి పనికొచ్చే ర్యాంపు వాలు 12కి 1. 5 మీటర్లు దిగాలంటే 60 మీటర్ల పొడవు. ప్రతి 0.75 మీటర్ల దిగుడుకూ ఒక చదునైన మజిలీ, ఒక్కోటి మీటరున్నర చొప్పున ఆరు. మొత్తం 69 మీటర్లు. 40 మీటర్ల గోడ వెంట అది ఒకసారి వెనక్కి తిరగక తప్పదు, కింది తోటలో పెద్ద ముక్కను తనే తినేస్తుంది. బొమ్మల్లో ఈ ర్యాంపు చాలాసార్లు కనిపించదు, ఆ జాగాలో లిఫ్టు ఉంటుంది. లిఫ్టు ఒక్కదాన్నే నమ్ముకుంటే అది చెడిన రోజు కొందరికి పార్కు మూసేసినట్టే.

అన్ని ట్యాంకులూ తోటలు కానక్కర్లేదు కూడా. హ్యూస్టన్‌లో 1926 నాటి భూగర్భ జలాశయాన్ని 2016లో ప్రజలకు తెరిచారు. 221 స్తంభాలు, చీకటి, అడుగున పలచని నీళ్లు, గోడలకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని. వాటిని అలాగే ఉంచి చుట్టూ నడవడానికి దారి వేశారు. జర్మనీలోని డ్యూస్‌బర్గ్‌లో 1985లో ఆగిన ఉక్కు కర్మాగారం 1994 నుంచి పార్కుగా నడుస్తోంది. అక్కడి పాత గ్యాసు ట్యాంకును నీళ్లతో నింపి డైవింగ్ నేర్చుకునే చోటుగా మార్చారు. తమ లోపల దేన్నో పట్టి ఉంచడానికి పుట్టిన ఆ గోడలకు అది బాగా కుదిరింది.

నేల మరిచిపోదు

పాత పని వదిలి వెళ్లిన విషాలు ఆ పనిని బట్టే ఉంటాయి. రైలు దారిలో చెక్క స్లీపర్లకు పూసిన క్రియోసోట్ అనే తారు నూనె, కలుపు చంపడానికి చల్లిన ఆర్సెనిక్. ఉక్కు వంతెనల మీద సీసం కలిసిన రంగు. పాత ఆవిరి గొట్టాల చుట్టూ ఆస్‌బెస్టాస్. గ్యాసు ఫ్యాక్టరీల కింద తారు, బెంజీన్.

సియాటిల్‌లోని గ్యాస్‌వర్క్స్ పార్కు ఈ విషయంలో మొదటి పాఠం. 1906 నుంచి 1956 దాకా నడిచిన ఆ ప్లాంటును నగరం 1962లో కొంది. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు రిచర్డ్ హాగ్ బురుజులను కూల్చకుండా నిలిపారు. కలుషిత మట్టిలో మురుగుశుద్ధి బురద, రంపపు పొట్టు కలిపి దున్ని, సూక్ష్మజీవుల చేత నూనెలను తినిపించే పద్ధతి పట్టారు. 1975లో పార్కు తెరిచారు. ఆ రోజుల్లో అది సాహసమే. అయితే 1984లో పరీక్షల్లో హానికర రసాయనాలు బయటపడి కొంతకాలం మూయాల్సి వచ్చింది, తర్వాత పైన కొత్త మట్టి పరిచారు. సూక్ష్మజీవులు తేలిక నూనెలను తినగలవు, బరువైన తారు భాగాలను అంత త్వరగా తినలేవు.

ఇక్కడ నిపుణుల్లో నిజంగానే రెండు పక్షాలున్నాయి. తవ్వి తరలించేయాలనే వాళ్ల వాదన: పిల్లలు ఆడే నేల కింద విషం ఉంచకూడదు, మూత ఎప్పటికైనా చిరుగుతుంది. మూత వేసి ఉంచాలనే వాళ్ల వాదన: తవ్వితే దుమ్ము లేస్తుంది, వందల లారీలు వీధుల్లోంచి వెళ్తాయి, ఆ విషం మరో ఊరి పక్కన పడుతుంది. మూత అంటే రంగు గుర్తు పొర, దాని మీద దాదాపు 60 సెంటీమీటర్ల శుభ్రమైన మట్టి. ఆ రంగు కనిపించిందంటే ఇక తవ్వొద్దని పనివాళ్లకు హెచ్చరిక. ఈ పద్ధతి పనిచేయాలంటే ఆ హెచ్చరిక నలభై ఏళ్ల తర్వాత గడ్డపార పట్టేవాడికి కూడా తెలిసి ఉండాలి. కాగితాలు పోయే కార్యాలయాల్లో ఇదే బలహీనమైన ముడి.

స్థలం ఎవరిది, గాలి ఎవరిది

ఎత్తైన కట్టడాల్లో కింది నేల ఒకరిది, వంతెన ఇంకొకరిది, దాని మీద నడిచే హక్కు మూడోవాళ్లది కావచ్చు. హైలైన్ కింద స్థలాలున్నవాళ్లు వంతెనను కూల్చమనే అడిగారు. వాళ్ల కోణంలో అది న్యాయమే. తమ స్థలం మీద కట్టుకోలేకపోతున్నారు. వంతెనను పార్కు చేయాలని 1999లో మొదలైన పౌరుల ఉద్యమం రెండు పనిముట్లతో ఈ చిక్కును విడదీసింది. ఒకటి అమెరికా 1983 నాటి చట్టం. రైలు అవసరం మళ్లీ వస్తే తిరిగి తీసుకునే షరతుతో దారిని నడకబాటగా వాడుకోనిస్తుంది. రెండోది 2005లో జోనింగ్‌లో, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో, ఎంత కట్టొచ్చో చెప్పే నగర నిబంధనల్లో, చేసిన మార్పు. వంతెన కింది యజమానులు తాము కట్టుకోలేని అంతస్తుల హక్కును దగ్గరలోని వేరే స్థలాలకు అమ్ముకోవచ్చు. ఒక యజమాని పది అంతస్తులు కట్టగల చోట వంతెన వల్ల రెండే కట్టగలిగితే, మిగతా ఎనిమిదింటి విస్తీర్ణాన్ని పక్క వీధిలో కట్టేవాడికి అమ్ముతాడు. నష్టపోయేవాడే లాభపడ్డాడు, కూల్చమనే గొంతు తగ్గింది. మొదటి భాగం 2009లో తెరిచారు.

ఆ ఎనిమిది అంతస్తులూ ఎక్కడికీ పోలేదు. పార్కు పక్కనే ఖరీదైన ఇళ్లయి లేచాయి.

పార్కు వస్తే ఎవరు ఉంటారు, ఎవరు వెళ్తారు

పచ్చదనం వచ్చాక చుట్టూ ధరలు పెరిగి, అంతదాకా ఉన్న అద్దెదారులు నిలవలేక వెళ్లిపోవడాన్ని గ్రీన్ జెంట్రిఫికేషన్ అంటారు. సొంతిల్లు ఉన్నవాడికి అదే పెరుగుదల ఆస్తి. పక్కపక్క గుమ్మాల్లో ఉన్న ఇద్దరికీ ఒకే పార్కు రెండు వేర్వేరు వార్తలు. నెలజీతంలో మూడో వంతు అద్దెకు పోయే కుటుంబానికి అద్దె సగం పెరిగితే జీతంలో సగం అద్దెకే పోతుంది.

పార్కు వద్దనడం పరిష్కారం కాదని కొందరంటారు. పేదల వాడలు చెత్తా తుప్పుతోనే ఉండాలన్నట్టు అవుతుంది కదా అని వాళ్ల ప్రశ్న, అందులో బలముంది. ఇళ్ల రక్షణ లేకుండా పార్కు కడితే అది ఇంకెవరికో కట్టినట్టేనని మరికొందరంటారు. అందులోనూ బలముంది. హైలైన్ వ్యవస్థాపకుల్లో ఒకరైన రాబర్ట్ హామండ్, చుట్టుపక్కల వాళ్లకు ఏం కావాలో తాము ముందుగా అడగలేదని 2017లో బహిరంగంగా ఒప్పుకున్నారు. అంత పేరొచ్చాక ఆ మాట అనడం గౌరవించాల్సిన విషయం. షికాగోలో పాత రైలు గట్టు మీద 2015లో తెరిచిన 4.3 కిలోమీటర్ల 606 బాట పక్కన ధరలు పెరిగి, చిన్న అద్దె ఇళ్లను కూల్చి పెద్ద ఇళ్లు కట్టడం మొదలైంది. 2021లో నగరం అలా కూల్చడంపై అదనపు రుసుము పెట్టింది. పార్కు తెరిచిన ఆరేళ్లకు. నా దృష్టిలో ఇళ్ల ఏర్పాటు మొదటి గడ్డపార పడకముందు జరగాలి, అప్పటికి భూమి ఇంకా చవకగా ఉంటుంది.

ఉంచడమా, తీసేయడమా

దక్షిణ కొరియా రాజధాని సోల్ (సియోల్) రెండు రకాలూ చేసింది. చోంగ్యేచోన్ వాగు మీద వేసిన రోడ్డునూ ఫ్లైఓవర్‌నూ 2003 నుంచి తొలగించి, 2005లో 5.8 కిలోమీటర్ల వాగును వెలికి తెచ్చింది. వేడి తగ్గింది, జనం పోటెత్తారు. అయితే అందులో పారే నీటిలో అధికభాగం పంపులతో తెచ్చిపోసేదే, అందుకే అది వాగు కాదు, పొడవాటి ఫౌంటెన్ అని విమర్శించేవాళ్లున్నారు. అదే నగరం 1970 నాటి మరో ఫ్లైఓవర్‌ను కూల్చకుండా 2017లో "సోల్లో 7017" అనే పేరుతో నడకబాట చేసింది. అక్కడ మొక్కలు పెద్ద కాంక్రీటు కుండీల్లో ఉన్నాయి. వేసవిలో నీడ చాలదన్న ఫిర్యాదు మొదటి నుంచీ ఉంది. కుండీలో పెరిగే చెట్టు వేళ్లకు చోటు ఎంతో నీడ కూడా అంతే.

ఈ లెక్కలన్నిటికీ దూరంగా నిలిచింది బెర్లిన్‌లోని టెంపెల్‌హాఫ్. 2008లో విమానాశ్రయం మూసేశారు. 2010లో దాదాపు 300 హెక్టార్ల మైదానాన్ని జనానికి వదిలారు. రన్‌వేలు అలాగే ఉన్నాయి, వాటి మీద సైకిళ్లు, గాలిపటాలు. కొత్త కప్పు లేదు, ర్యాంపు లేదు, తోడాల్సిన సంపు లేదు. గడ్డిలో నేల మీద గూడు కట్టే భరతపిట్టల కోసం వసంతంలో కొంత మేర తాళ్లు కట్టి వేరు చేస్తారు. అంచుల్లో ఇళ్లు కడదామని నగరం ప్రతిపాదిస్తే 2014లో ప్రజాభిప్రాయ సేకరణలో జనం వద్దన్నారు. ఇళ్లు లేక అద్దెలు పెరుగుతున్న నగరంలో అంత స్థలం ఖాళీగా ఉంచడం సరైనదేనా అన్న వాదన అక్కడ ఇప్పటికీ నడుస్తోంది.